టాపు విప్పిన హెరాల్డ్



ఈ పూట నా మొదటి కారు గురించీ, రోడ్‌స్టర్లనే టాపు లేని రెండు సీట్ల కార్ల మీద నాకున్న మక్కువ గురించీ మాట్లాడతాను. కంభంలో ఉండి మార్కాపురం, గిద్దలూరు కోర్టులకు తిరిగిన వకీలుకు ఆ రోజుల్లో కారు దొరకడమే గొప్ప, ఇంక రోడ్‌స్టర్ల ఊసెక్కడిది అని మీకనిపించవచ్చు. నా కారునూ ఆ మక్కువనూ కలిపినవి కొన్ని బోల్టులు. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఇంగ్లండులో కోవెంట్రీ అనే ఊరుంది. అక్కడి స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీ 1959లో హెరాల్డ్ అనే చిన్న కారును అమ్మకానికి తెచ్చింది. అప్పటికే తక్కిన కంపెనీలు ఛాసిస్ అనేది లేకుండా కారు ఒళ్లంతా ఒకే గుల్లగా అతికే పద్ధతికి మళ్లుతున్నాయి. స్టాండర్డ్ వాళ్లకు మాత్రం ఆ వీలు చిక్కలేదు. వాళ్లకు బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని పోటీదారైన బీఎంసీ కొనేసుకుంది. అంత పెద్ద గుల్ల చేసిపెట్టేవాళ్లు లేక, కింద ఛాసిస్‌ను విడిగా పెట్టుకుని, పైన బాడీని ముక్కలు ముక్కలుగా చేయించి బోల్టులతో బిగించుకున్నారు. బొమ్మ గీసినవాడు ఇటలీలోని టురిన్ నగరానికి చెందిన జొవాన్ని మికెలొట్టి.

ఇబ్బందిలోంచి పుట్టిన ఏర్పాటది. కానీ ముక్కలుగా విడదీయగలిగారు కాబట్టే ఆ కారును పెట్టెల్లో సర్ది, ఓడెక్కించి, దూరదేశాల్లో బిగించుకోవడం తేలికైంది. మద్రాసుకు దక్షిణాన వండలూరు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ ఆఫ్ ఇండియా వాళ్ల ఫ్యాక్టరీ ఉండేది. 1961 నుంచి హెరాల్డ్ అక్కడ తయారైంది. నాలుగు సిలిండర్ల 948 సీసీ ఇంజను, రెండే తలుపులు, వెనక దీపాల మీద రెక్కల్లాంటి చిన్న మొనలు. అంబాసిడరూ ఫియట్టూ తప్ప వేరే కారు కనబడని రోజుల్లో అది వీధిలోకొస్తే జనం తల తిప్పి చూసేవాళ్లు.

ఆ బోల్టుల వల్ల జరిగిన మరో మేలుంది. నా మనసుకు అది ఇంకా దగ్గరిది. హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టి చేసి, దాని మీద రెండు సీట్ల టాపులేని బండిని కూచోబెడితే ఎలా ఉంటుందని మికెలొట్టి ఒక నమూనా చేయించాడు. ఇంతలో కంపెనీకి డబ్బు కటకట వచ్చింది. ఆ నమూనాను ఫ్యాక్టరీలో ఓ మూలకు నెట్టి గుడ్డ కప్పేశారు. 1961లో కంపెనీ లేలాండ్ వాళ్ల చేతికి వెళ్లింది. కొత్త యాజమాన్యం తరఫున ఫ్యాక్టరీ అంతా కలయదిరుగుతున్న పెద్దమనిషి ఆ గుడ్డ ఎత్తి చూసి, దీన్ని తయారు చేయాల్సిందే అన్నాడు. మరుసటేడు 1962లో అది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే పేరుతో రోడ్డెక్కింది. 1980 దాకా 3 లక్షలకు పైగా బళ్లు అమ్ముడుపోయాయి. యుద్ధకాలపు విమానం పేరు దానికి పెట్టారు.   

అంటే హెరాల్డూ స్పిట్‌ఫైరూ ఒక తల్లి బిడ్డలు. గీసిన చెయ్యి ఒకటే, ముందు చక్రాల కట్టుబడి ఒకటే, ఇంజను వంశం ఒకటే. బానెట్టు కూడా అదే తీరు. ముందరి మడ్‌గార్డులతో సహా మొత్తం ముక్కుభాగం ముందుకు వాలి తెరుచుకుంటుంది. మెకానిక్కు టైరు మీద కూచుని తీరిగ్గా పని చేసుకోవచ్చు. ఈ చుట్టరికం నాకు కారు కొన్నాక తెలిసింది. రోడ్‌స్టర్ల మీద మోజు మాత్రం అంతకుముందే పట్టుకుంది.

మద్రాసులో లా చదివే రోజుల్లో స్నేహితుల వెంట షోలవరం వెళ్లేవాణ్ణి. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో రెడ్ హిల్స్ దాటాక ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాడు విమానాల కోసం వేసిన రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు పందేలు పెట్టేవాళ్లు. గడ్డిమోపులు అడ్డం పేర్చి మలుపులు తయారుచేసేవాళ్లు. పందెం బళ్లకంటే నా కన్ను ఎప్పుడూ బయట చెట్టు కింద ఆపిన బళ్ల మీదికే పోయేది. అక్కడ ఒకనాడు ఎంజీ అనే ఇంగ్లీషు కంపెనీ చేసిన ముదురాకుపచ్చ రోడ్‌స్టర్ చూశాను. తీగల చక్రాలు, పొడుగాటి బానెట్టు, తలుపు మీద మోచెయ్యి ఆనించుకునేందుకు వంపు. కూచున్న మనిషి చెయ్యి కిందికి చాపితే వేళ్లు నేలకు తగిలేంత తక్కువ ఎత్తులో ఉంది. స్పీడులో దాన్ని మించినవి ఆ మైదానంలో చాలానే ఉన్నాయి. కానీ దాన్ని తోలేవాడి మొహంలో ఉన్న సంతోషం తక్కినవాళ్ల మొహాల్లో కనబడలేదు.

ప్రాక్టీసు కుదుటపడ్డాక, 1981లో, మద్రాసులో ఒక డాక్టరుగారు హెరాల్డ్ అమ్ముతున్నారని కబురొచ్చింది. రెండు తలుపులది, 1966 మోడలు, లేత నీలం. కొత్త కారు బుక్ చేస్తే ఏళ్లు ఎదురుచూడాల్సిన కాలం. కూడబెట్టిన ఫీజులకు మా నాయన పసుపు అమ్మిన డబ్బు కలిపి పంపాడు. ఆ కారు తోలుకుంటూ షోలవరం మీదుగానే ఇంటికి బయల్దేరాను. నెల్లూరు, కావలి, ఒంగోలు. ఒంగోలు దగ్గర హైవే వదిలి చీమకుర్తి, పొదిలి, మార్కాపురం. పొదిలి దాటాక నేల ఎర్రబారింది, దూరంగా నల్లమల నీలంగా లేచింది. తర్లుపాడు దాటి కంభంలోకి వచ్చేసరికి దీపాలు పెట్టారు. మా నాయన వీధి అరుగు మీద కూచుని ఉన్నాడు. లేచి వచ్చి బానెట్టు మీద అరచెయ్యి పెట్టి, "కాలిపోతాంది రా, నీళ్లు పొయ్యి" అన్నాడు. అలిసొచ్చిన ఎద్దుల దగ్గర ఆయన వాడే గొంతే అది.

కందులాపురం సెంటరు దగ్గర ఒక భాయ్ షెడ్డు ఉండేది. జీపులూ లారీలూ చేసే మనిషి. హెరాల్డ్ ఆయనకు కొత్త. మొదటిరోజు బానెట్టు ముందుకు వాల్చి చూపిస్తే, చుట్టూ తిరిగి చూసి, "వకీల్ సాబ్, దీన్ని చేసినోడు మెకానిక్కుల కష్టం తెలిసినోడు" అన్నారు. ఆ మాట నేనెన్నడూ మరవలేదు. హెరాల్డును ఎలా చూసుకోవాలో ఆయనా నేనూ కలిసే నేర్చుకున్నాం. ముందు చక్రాల అడుగున ట్రన్నియన్లని ఉంటాయి. ఇత్తడి రంగు ముక్కలు, లోపల మరలుంటాయి. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం వాటి మీదే తిరుగుతుంది. జీపు అలవాటు కొద్దీ అందరూ అక్కడ గ్రీజు కొట్టేవాళ్లు. గ్రీజు గట్టిపడితే మరల లోపలికి చేరదు, తేమ పట్టి తుప్పు తింటుంది, ఓ రోజు చక్రం మడత పడుతుంది. అక్కడ పొయ్యాల్సింది 90 నంబరు గేరు ఆయిలు. మద్రాసు డాక్టరుగారు ఇచ్చిన పుస్తకంలో అది రాసుంది. భాయ్ గ్రీజు గన్ను ఒకదాన్ని కడిగి, అందులో గేరు ఆయిలు నింపి, నా బండి కోసం వేరే మేకుకు తగిలించి పెట్టారు.

గిద్దలూరు నుంచి దిగువమెట్ట మీదుగా నల్లమల ఎక్కి, పచ్చర్ల, గాజులపల్లె దాటి నంద్యాల దిగే దారి మీలో చాలామందికి తెలుసు. ఇప్పుడది 544డి జాతీయ రహదారి. అప్పుడు సన్నగా, గతుకులతో ఉండేది. ఆ ఘాట్లో నాకు హెరాల్డ్ మంచీ చెడూ రెండూ తెలిసొచ్చాయి. అంత తక్కువ చోటులో మలుపు తిరిగే కారు ఇంకోటి నేను తోలలేదు. 25 అడుగుల వలయంలో చుట్టూ తిరిగేస్తుంది. లండన్ టాక్సీలతో పోల్చి చెప్పేవాళ్లు. వెనకవైపు మాత్రం జాగ్రత్త కావాలి. వెనక అడ్డంగా ఒకే కమాన్‌కట్ట, దానికి రెండువైపులా ఊగే ఆక్సిళ్లు. మలుపు మధ్యలో భయపడి ఠక్కున యాక్సిలేటరు వదిలితే బరువు ముందుకు పోయి, వెనక చక్రాలు కిందికి ముడుచుకుంటాయి, బండి తోక విసురుతుంది. మలుపుకు ముందే గేరు మార్చుకుని, కాలు నిలకడగా ఉంచి తిరగాలి. స్పిట్‌ఫైర్లో కూడా మొదట్లో ఇదే కట్టుబడి, ఇదే జాగ్రత్త. తర్వాత మన దేశంలో హెరాల్డ్ స్థానంలో వచ్చిన గాజెల్‌కు వెనక ఆక్సిలే మార్చేశారు. మన రోడ్లకు అదే మేలని చాలామంది అన్నారు, నిజమే కావచ్చు. కానీ డ్రైవింగంటే ఏమిటో నాకు ఆ ఊగే ఆక్సిలే నేర్పింది.

ఇక టాపు సంగతి.

ఓ ఏడు వానలకు వెనకద్దం చుట్టూ తుప్పు పట్టింది. టాపు విప్పి టింకరింగు చేయించి రంగు వేయించాల్సొచ్చింది. ముందద్దం ఫ్రేము మీద, పక్కన, వెనక డిక్కీ ముందర బోల్టులున్నాయి. అవి ఊడదీస్తే నలుగురు మనుషులు టాపును అలా పైకెత్తి పక్కన పెట్టేశారు. ఇంగ్లండులో ఇదే బాడీ మీద గుడ్డ టాపు వేసి కన్వర్టిబుల్ అమ్మారు కూడా. కింద ఛాసిస్ విడిగా ఉంది కాబట్టి టాపు తీసినా బండి ఒళ్లు విరగదు. టాపు తిరిగొచ్చేదాకా బండి షెడ్డులో పెట్టించాలని నేననుకున్నాను. భాయ్ అన్నారు: "ఎందుకు సాబ్? కార్తీకమాసం, వాన లేదు. మెల్లగా తోలండి. గుంతల్లో పోనీకండి, తలుపులు వదులైతాయి."

మర్నాడు తెల్లవారుజామున మా ఆవిణ్ణి ఎక్కించుకుని చెరువు దగ్గరికి బయల్దేరాను. కంభం చెరువు మీకు తెలియనిది కాదు. గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల నడిమి సందును మూసి కట్టిన కట్ట. శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటాం. కట్ట ఎత్తు 57 అడుగులని పాత గెజెటీరులో రాశారు. 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా ఒక అంతర్జాతీయ సంస్థ గుర్తించింది. పుట్టినప్పటినుంచీ చూస్తున్న చెరువు. బస్సులో వెళ్లాను, సైకిలు మీద వెళ్లాను, కారులో కూడా వెళ్లాను. ఆ పొద్దున తెలిసినంతగా ఎన్నడూ తెలియలేదు.

ఊరు దాటగానే చలి ముఖాన కొట్టింది. వరికోతకొచ్చిన మడుల దగ్గర ఒక వాసన, కాలవ దాటేచోట ఇంకో వాసన, ఆవు పిడకల పొగ. మడుల పక్కన గాలి చల్లగా ఉండి, రాతి గుట్ట పక్కకు రాగానే వెచ్చబడింది. రాయి ముందురోజు ఎండను ఇంకా దాచుకునే ఉంది. ఇంజను చప్పుడు మధ్యలోనే పాలపిట్ట అరుపు వినబడింది. ఎదురొచ్చే మనుషుల ముఖాలు అద్దంలోంచి కాకుండా నేరుగా కనబడ్డాయి. వాళ్లు పలకరిస్తే జవాబు చెబుతూ తోలాను. మా ఆవిడ పైట తలచుట్టూ బిగించుకుని పైకి చూస్తూ కూచుంది. శుక్రుడు ఇంకా పోలేదు. "ఇట్లా ఆకాశం చూస్తా పోయే బండి ఒకటుంటుందని తెలిస్తే అదే కొనుండొచ్చు గదండీ" అంది. నేను షోలవరంలో చూసిన ఆకుపచ్చ ఎంజీ గురించి ఆమెకు మొదటిసారి చెప్పింది ఆ పొద్దునే. ఇంటికొచ్చాక మా నాయన చూసి, "గూడు తీసిన సవారి బండి మాదిరుంది" అన్నాడు. ఆయనను కూడా ఎక్కించుకుని అర్ధవీడు రోడ్డు మీద కొంతదూరం తీసుకెళ్లాను. దారి పొడుగునా ఎవరి చేను ఎలా ఉందో చెబుతూ కూచున్నాడు. టాపు ఉన్న కారులో ఆయన నిద్రపోయేవాడు.

టాపు రంగేసుకుని తిరిగొచ్చింది, బిగించారు. అప్పటినుంచీ ఏటా కార్తీకం నుంచి సంక్రాంతి దాకా దాన్ని విప్పించడం మా ఇంటి ఆనవాయితీ అయింది. తలుపుల దగ్గర పిల్లర్లు వదులు కాకుండా భాయ్ లోపలివైపు పట్టీలు వేశారు.

రోడ్‌స్టర్ అంటే వేగం కోసం పుట్టిందని ఒక అపోహ ఉంది. కార్ల పత్రికలు కూడా దీన్ని పెంచిపోషించాయి. చరిత్ర చూడండి. యుద్ధం తర్వాత అమెరికా వాళ్లకు ఈ పిచ్చి పట్టించిన ఎంజీ టీసీ ఇంజను 1250 సీసీ మాత్రమే. అక్కడి మామూలు కుటుంబాల సెడాన్లు సూటి రోడ్డు మీద దాన్ని దాటిపోయేవి. అయినా ఎగబడి కొన్నారు. 1962లో వచ్చిన ఎంజీబీ 5 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అది కూడా మెరుపువేగం బండి కాదు. రోడ్‌స్టర్ తేలిగ్గా ఉండాలి, నేలకు దగ్గరగా ఉండాలి, స్టీరింగులోంచి రోడ్డు సంగతి చేతికి తెలియాలి, పైన ఏమీ ఉండకూడదు. గంటకు 50 కిలోమీటర్ల దగ్గరే మనిషికి నిండుగా అనిపించే బండి అది. ఎంజీ ఫ్యాక్టరీ 1980లో అబింగ్డన్‌లో మూతపడినప్పుడు ఈ జాతి అంతరించిందనుకున్నారు. 1989లో జపాను మాజ్డా వాళ్లు ఎంఎక్స్-5 తెచ్చి మళ్లీ ప్రాణం పోశారు. పాత ఇంగ్లీషు బళ్ల మీద ప్రేమతో చేసింది. 2016 నాటికి 10 లక్షల బళ్లు చేశారు. రెండు సీట్ల టాపులేని కార్లలో అన్ని అమ్మినవాళ్లు లేరు. మన దేశంలో కూడా గోవాలో శాన్ స్టార్మ్ అని ఫైబర్ ఒంటితో, రెనో ఇంజనుతో 1990ల చివర్లో ఒకటి చేశారు. ఆ సాహసానికి దక్కాల్సిన ఆదరణ దక్కలేదని నాకిప్పటికీ బాధ. ఎంజీ పేరు ఇప్పుడు మన రోడ్ల మీద బాగా కనబడుతోంది గానీ, ఎక్కువగా ఎత్తయిన పెద్ద బళ్ల మీద.

అమెరికాలో ఉండే నా తమ్ముడి కొడుకు దగ్గర ఈ ఎంఎక్స్-5 ఉంది. అక్కడ మియాటా అంటారు. వెళ్లినప్పుడు, "పెదనాన్నా, నీ కోసమే టాపు తీశాను" అని బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీదికి తీసుకెళ్లాడు. వర్జీనియా నుంచి నార్త్ కరోలినా దాకా కొండల వీపు మీదుగా 469 మైళ్ల దారి. లారీలు లేవు, హోర్డింగులు లేవు, 45 మైళ్లు దాటి పోకూడదు. ఆ దారిని తొందర ఉన్నవాళ్ల కోసం వెయ్యలేదు. అలాంటి దారి మీద అలాంటి బండి. నాకు దిగువమెట్ట గుర్తొచ్చింది. మన నల్లమలలో వెదురు, అక్కడ ఓక్ చెట్లు. మలుపు తిరిగాక గాలి మారిపోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

మన ఎండలకు టాపులేని బండేమిటని అడుగుతారు. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు టాపు తియ్యకూడదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఆలోచించండి. ఈ బళ్లు పుట్టిన ఇంగ్లండులో ఏ నెలలో ఏ పూట వాన పడుతుందో తెలియదు. మనకు కార్తీకం నుంచి మాఘం దాకా తెల్లవారుజాములు, సాయంత్రాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. వాన కోసం మొగం వాచిన నేల మనది. రైతుబిడ్డగా ఆ కష్టం నాకు తెలుసు. ఆ నేల మీదే ఇన్ని నెలలపాటు ఇంత తేట ఆకాశం కూడా ఉంది. దాని కింద టాపు వేసుకుని, అద్దాలెత్తుకుని, ఏసీ పెట్టుకుని పోతుంటే నాకు మనసొప్పదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మాలాంటి ఊళ్లలో కూడా నాలుగైదేళ్లలో రోడ్డు మారిపోయింది. స్టాండర్డ్ వాళ్లు గాజెల్ ఆపేశాక, 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారు తెచ్చి, నిలదొక్కుకోలేక కార్ల తయారీ మూసేశారు. విడిభాగాలు దొరకడం కష్టమైంది. మద్రాసు పుదుపేట సందుల్లో వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు మాత్రం స్పిట్‌ఫైర్ల పుణ్యాన ఇంగ్లండులో ట్రన్నియన్లు, రబ్బరు బుష్షులు, గ్యాస్కెట్లు కొత్తవి చేస్తున్నారు. ఇంట్లోంచే తెప్పించుకుంటున్నాను. తోబుట్టువు ఇప్పటికీ ఆదుకుంటోంది.

నా హెరాల్డ్ తిరుగుతూనే ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేకంగా రూల్సు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బళ్లకు వీఏ అనే అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, 10 ఏళ్ల గడువు. వీటిని తుక్కు కాకుండా కాపాడాలనే ఆలోచన మంచిది, సంతోషించాను. అయితే ఆ నంబరు తీసుకున్న బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. అందుకని నేనది తీసుకోలేదు. ఫిట్‌నెస్ చూపించి పాత నంబరునే 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటున్నాను. కూరగాయలకు వెళ్లడానికీ, చెరువు దాకా వెళ్లడానికీ వీల్లేకపోతే అది నా కారు కాదు.

ఈ ప్రాంతంలో ఇంకా కొన్ని హెరాల్డులు గొడ్లపాకల్లోనో, డాక్టర్ల ఇళ్ల వెనకో నిలబడి ఉండవచ్చు. మీ ఇంట్లో ఉంటే తూకానికి అమ్మకండి. ఆత్రపడి సెల్ఫు కొట్టకండి కూడా. ముందు ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల ఇంజనాయిలు పోసి ఒకరోజు వదిలెయ్యండి. ఆనక ప్లగ్గులు బిగించకుండానే టాప్ గేరులో వేసి బండిని మెల్లగా ముందుకు తోయండి, ఇంజను కదులుతుందేమో చూడండి. కదిలితే సగం గెలిచినట్టే. పాత పెట్రోలు పూర్తిగా వంపెయ్యండి. బ్రేకు రబ్బర్లు అన్నీ మార్చకుండా వీధిలోకి తియ్యొద్దు. ట్రన్నియన్లలో గేరు ఆయిలు పొయ్యండి, గ్రీజు కాదు. టాపు బోల్టులకు ఇప్పుడే కాస్త కిరసనాయిలు పట్టించి ఉంచండి, కార్తీకానికి ఊడొస్తాయి.